భయానికి అవతలి గట్టు: జపాన్ భయానక, అద్భుత కథలు అభిమానిలో రేపే స్పందన

1991లో జపాన్ రచయిత్రి ఒనో ఫుయుమి ‘మషో నో కో’ అనే భయానక నవలను వెలువరించారు. అందులో తకసాతో అనే కుర్రవాడు ఉన్నత పాఠశాల విద్యార్థి. చిన్నతనంలో ఒకనాడు ఇంటి ఆవరణలోంచే మాయమై, ఏడాది తరువాత తిరిగివచ్చాడు. ఆ ఏడాది ఎక్కడ గడిపాడో అతనికి ఏమీ గుర్తులేదు. అప్పటినుంచి అతన్ని ఏడిపించినవారికి, చివరకు తెలియక నొప్పించినవారికి కూడా ఏదో ఒక కీడు మూడుతూ ఉంటుంది. మొదట గాయాలు, ఆ తరువాత చావులు. ఎక్కడినుంచో ఒక తెల్లని చెయ్యి వస్తుంది, కాలు పట్టుకుని లాగుతుంది, మాయమవుతుంది. ఉపాధ్యాయ శిక్షణ కోసం ఆ పాఠశాలకు వచ్చిన హిరోసె అనే యువకుడు తకసాతో పక్షాన నిలబడతాడు. పాఠకుడు మాత్రం ఆ కుర్రవాణ్ణి నమ్మాలో, అతనికి దూరంగా జరగాలో తేల్చుకోలేక పేజీలు తిప్పుతాడు.

మరుసటి ఏడాది అదే రచయిత్రి ‘జూని కొకుకి’, అంటే పన్నెండు రాజ్యాల కథ అనే అద్భుత నవలల శ్రేణిని ప్రారంభించారు. ఆ లోకంలో రాజును ఎన్నుకునేది ప్రజలూ కాదు, వంశమూ కాదు. కిరిన్ అనే దివ్యమృగం. కిరిన్ చెట్టుకు పండులా కాస్తుంది, దయే దాని స్వభావం, రక్తం దానికి పడదు. అలాంటి పండు ఒకటి రెండు లోకాల నడుమ రేగిన తుఫానుకు కొట్టుకుపోయి, జపాన్‌లో ఒక తల్లి కడుపున మనిషి బిడ్డగా పుడుతుంది. ఆ బిడ్డే తకసాతో. తన లోకంలో అతని పేరు తైకి, తై అనే రాజ్యానికి చెందిన నల్ల కిరిన్. అతను మాయమైన ఏడాది అక్కడ ఏం జరిగిందో 1993లో వచ్చిన నవల చెబుతుంది. 1991 నాటి భయానక కథ నడుస్తున్న కాలంలోనే అవతలి లోకంలో అతని కోసం ఎవరు ఎలా వెతికారో 2001లో వచ్చిన మరో నవల చెబుతుంది.

ఈ రెండు వైపులనూ కలిపి చదివినప్పుడు ఆ తెల్లని చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. అది సాన్షీ అనే దాదిది. కొట్టుకుపోయిన పండు కోసం చెట్టు కింద పదేళ్లు ఎదురుచూసిన ప్రాణి ఆమె. కొమ్ము తెగి, జ్ఞాపకం పోయి, జపాన్‌లో అందరూ తినే మాంసాహారమే తింటూ తైకి ఒళ్లు విషమైపోతూ ఉంటే, ఆ మైల ఆమెకూ అంటి మతి చెదురుతుంది. బిడ్డకు ఎవరి వల్ల ఆపద ఉందో గుర్తుపట్టే శక్తి పోయి, కనిపించిన ప్రతివారినీ శత్రువుగా భావిస్తుంది. పాఠశాలలో చావులు అలా జరిగినవే. ఒక పుస్తకంలో పాఠకుడిని వణికించిన ఘట్టమే మరో పుస్తకంలో అతని కంట నీరు తెప్పిస్తుంది. ఘట్టం మారలేదు, చచ్చిపోయినవారు బతికి రాలేదు, వారి తప్పు ఏమీ లేదన్న సంగతి కూడా అలాగే ఉంది. మారినది చూసే చోటు ఒక్కటే.

జపాన్ భయానక, అద్భుత సాహిత్యాన్ని ఇష్టంగా చదివేవారి స్పందనలలో తరచుగా కనిపించే ఒక వైరుధ్యానికి ఇక్కడ సమాధానం దొరుకుతుంది. చాలా భయపడ్డామనీ, అయితే పుస్తకం మూశాక మిగిలినది భయం కాదు, దిగులనీ వారు చెబుతారు. మన అలంకారశాస్త్రం భయానకానికి భయాన్నీ, అద్భుతానికి విస్మయాన్నీ, కరుణకు శోకాన్నీ స్థాయిభావాలుగా చెప్పి, ఒక కావ్యంలో ఒక రసం ప్రధానంగా ఉండి మిగిలినవి దానికి అంగాలు కావాలని కోరింది. ఈ జపాన్ కథలలో అటువంటి ప్రధాన రసాన్ని వేలుపెట్టి చూపడం కష్టం. దయ్యాన్ని చూసి పారిపోవాలనిపించే క్షణంలోనే దాని పక్షాన మాట్లాడాలనిపిస్తుంది, మాట్లాడినంత మాత్రాన అది విడిచిపెట్టదనీ తెలుస్తూనే ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి పనిచేయడం వల్లే ఆ దిగులు పుడుతుంది.

ఈ పద్ధతి ఒనో ఫుయుమి కనిపెట్టినది కాదు. 1825లో నేటి టోక్యో అయిన ఎదో నగరంలోని నకమురా-జా నాటకశాలలో త్సురుయా నాన్బోకు రాసిన ‘తోకైదో యోత్సుయా కైదాన్’ అనే నాటకం తొలిసారి ఆడింది. అది కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకరీతికి చెందినది. ఇఎమోన్ కొలువు పోయిన సమురాయ్. గొడుగులు చేసి పొట్టపోసుకుంటూ ఉంటాడు. భార్య ఓఇవా బాలింత, జబ్బు మనిషి. పొరుగున ఉన్న ధనిక కుటుంబం తమ మనవరాలిని ఇఎమోన్‌కు కట్టబెట్టాలని, మందు పేరుతో ఓఇవాకు ముఖాన్ని వికారం చేసే విషం పంపుతుంది. ఆమె ఆ మందును కృతజ్ఞతతో, ఒక్క రేణువు కూడా వృథా పోనీయకుండా తాగుతుంది. కథ తెలిసిన ప్రేక్షకులకు అది విషమని ముందే తెలుసు.

నిజం తెలిశాక, ఆ పొరుగింటికి వెళ్లి నిలదీయాలని ఆమె బయలుదేరుతుంది. వెళ్లే ముందు, గౌరవం గల ఇల్లాలిగా వెళ్లాలని, ఆనాటి వివాహితల ఆచారం ప్రకారం పళ్లకు నల్లరంగు పూసుకుని, అద్దం ముందు కూర్చుని జుట్టు దువ్వుకుంటుంది. దువ్విన కొద్దీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా నెత్తుటితో ఊడివస్తుంది. కబుకి రంగస్థలం మీద ఈ దృశ్యం నెమ్మదిగా, చాలాసేపు సాగుతుంది. అప్పటికి ఓఇవా దయ్యం కాలేదు, బతికే ఉంది. నాటకం మొత్తంలో అత్యంత భయంకరమైన దృశ్యంగా పేరుపొందినది దయ్యం కనిపించే దృశ్యం కాక, మోసపోయిన ఒక స్త్రీ తల దువ్వుకునే దృశ్యం కావడం ఈ సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన ఆధారం. దయ్యంగా మారిన తరువాత ఆమె ఏం చేసినా, ఆ దువ్వెనను చూసిన ప్రేక్షకుడు పూర్తిగా ఇఎమోన్ వైపు నిలబడి భయపడలేడు.

మొదటి ప్రదర్శనలో ఈ నాటకాన్ని ‘కనదెహోన్ చూషింగురా’తో కలిపి, ఒకదాని అంకాల మధ్య మరొకదాని అంకాలు వచ్చేలా రెండు రోజులపాటు ఆడారు. చూషింగురా ప్రభుభక్తికి ప్రాణమిచ్చిన నలభై ఏడుగురు సమురాయ్‌ల కథ. ఇఎమోన్ కూడా ఆ ప్రభువు కొలువులో ఉన్నవాడేనని నాన్బోకు కల్పించారు. ఒక నాటకంలో ప్రభువు కోసం పగ తీర్చుకోవడం మహాధర్మం. పక్కనే నడుస్తున్న రెండో నాటకంలో ఒక పేద బాలింత తీర్చుకునే పగ భయానకం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన ఆలోచన వెనుక ఉన్న ధైర్యం ఈనాటి పాఠకుడికి కూడా ఆశ్చర్యం కలిగిస్తుంది. నేటికీ ఈ నాటకం వేసే నటులు ముందుగా ఓఇవా పేరిట ఉన్న మందిరానికి వెళ్లి మొక్కుకోవడం ఆనవాయితీగా ఉంది.

జపాన్‌లో స్థిరపడి ఇంగ్లీషులో రాసిన లాఫ్కాడియో హెర్న్ 1904లో ప్రచురించిన ‘క్వైదాన్’లోని మంచుస్త్రీ కథ తెలుగు పాఠకుడికి మరోరకంగా దగ్గరవుతుంది. మంచు తుఫాను రాత్రి ముసలి కట్టెలవాణ్ణి తెల్లని ఊపిరితో చంపిన ఆ స్త్రీ, పక్కనే ఉన్న పడుచువాడు మినోకిచిని వయసు చూసి విడిచిపెడుతుంది. ఈ సంగతి ఎవరికైనా చెబితే చంపుతానంటుంది. కొన్నాళ్లకు అతనికి ఓయుకి అనే అమ్మాయితో పెళ్లవుతుంది, పదిమంది పిల్లలు పుడతారు. ఒకరాత్రి దీపం దగ్గర కుట్టుపని చేస్తున్న భార్యను చూసి, అతను ఆ పాత సంగతి చెప్పేస్తాడు. ఆ భార్యే మంచుస్త్రీ. మాట తప్పినందుకు చంపవలసిన ఆమె, నిద్రపోతున్న పిల్లలను చూసి విడిచిపెట్టి, పొగమంచుగా కరిగిపోతుంది. శంతనుడు మాట తప్పగానే గంగ విడిచివెళ్లిన కథను చిన్ననాటినుంచి విన్నవారికి ఈ నిర్మాణం కొత్తది కాదు. అయితే గంగ వెళ్లడం వెనుక శాపం, వసువుల విమోచనం అనే పెద్ద లెక్క ఉంది, ఆ లెక్క సరిపోతుంది. ఓయుకి వెళ్లడం వెనుక అటువంటి లెక్క ఏదీ లేదు. ఆమె ఎందుకు వచ్చిందో, ఎందుకు ప్రేమించిందో కథ చెప్పదు. వివరణ లేకపోవడం లోపమని కొందరు పాఠకులు అంటారు. ఆ వివరణ ఉంటే మంచుస్త్రీ ఒక శాపగ్రస్తగా మారిపోయి, ఆమె చేసిన చివరి దయ ఆమె సొంత నిర్ణయంగా మిగలదు.

జాలికి ఉన్న పరిమితిని అందరికంటే కఠినంగా చూపినది సుజుకి కోజి నవల ‘రింగు’. అది కూడా 1991లోనే వచ్చింది. ఒక వీడియో టేపు చూసినవారు వారం రోజులలో చనిపోతారు. తప్పించుకునే ఉపాయం చెప్పే భాగం మీద ఎవరో వేరే ప్రకటనను రికార్డు చేసి చెరిపేశారు. పాత్రికేయుడు అసకావా, అతని మిత్రుడు ర్యూజి కలిసి టేపు వెనుక సదకో అనే యువతి ఉందనీ, ఆమెను చంపి బావిలో పడేశారనీ కనుక్కుంటారు. బావిలో దిగి ఆమె అస్థికలను వెలికితీస్తారు. చనిపోయినవారికి దక్కవలసిన కర్మలు దక్కితే ఆత్మ శాంతిస్తుందన్న నమ్మకం మనకు ఎంత ఉందో జపాన్‌లోనూ అంతే ఉంది. కాబట్టి అక్కడ కథ ముగిసిందని పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. మరునాడు ర్యూజి చనిపోతాడు.

నకతా హిదెఒ 1998లో తీసిన సినిమాలో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇందులో పాత్రికేయురాలైన రెయికో బావి నీటిలో దొరికిన పుర్రెను తల్లిలా గుండెకు హత్తుకుంటుంది. సదకోకు ఆ జాలి అందిందని మనం నమ్ముతాం. తరువాత సదకో బావిలోంచి, ఆపైన టీవీ తెరలోంచి బయటకు వస్తుంది. ఆ నడక విపరీతంగా కనిపించడానికి నటి వెనక్కి నడుస్తూ ఉండగా చిత్రీకరించి, ఆ దృశ్యాన్ని తిరగేసి చూపించారు. సినిమాను గుర్తుపెట్టుకున్న అభిమానులలో చాలామంది ఆ దృశ్యం గురించే మాట్లాడతారు, నవలలో అది లేనేలేదు. వాస్తవానికి అంతకంటే భయంకరమైనది ముగింపు. టేపుకు నకలు తీసి మరొకరికి చూపిస్తే తప్ప ప్రాణం దక్కదని గ్రహించిన రెయికో, కొడుకును కాపాడుకోవడానికి ఆ టేపుతో తన కన్నతండ్రి ఇంటికి బయలుదేరుతుంది. సదకో పగ ఇప్పుడు ఒక తల్లి ప్రేమ ద్వారా వ్యాపిస్తోంది. తెలుగు తెర మీద దయ్యం సాధారణంగా తన గతం చెప్పుకుని, తనకు అన్యాయం చేసినవారిని శిక్షించి, తృప్తితో వెళ్లిపోతుంది. ప్రేక్షకుడు కూడా తేలికపడి ఇంటికి వెళతాడు. ఇక్కడ హంతకుడిని శిక్షించాలన్న ఆలోచనే కథకు పట్టదు. నిలిచి ఉన్న ప్రశ్న ఒక్కటే, టేపు తరువాత ఎవరికి చేరుతుందని.

ఒనో ఫుయుమి 2012లో రాసి, మరుసటి ఏడాది యమమోతో షూగోరో పురస్కారం పొందిన ‘జాన్‌యె’ ఈ అంటుకునే గుణాన్నే నెమ్మదిగా, పరిశోధన నివేదికలా రాసిన నవల. ఒక అద్దె గదిలో చాప మీద ఏదో గుడ్డ రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. అది ఉరివేసుకున్న స్త్రీ నడికట్టు వేలాడుతూ నేలను తాకే చప్పుడు. కథకురాలు ఆ గదిలో ఎవరు ఉండేవారో, ఆ భవనానికి ముందు ఆ స్థలంలో ఏ ఇల్లు ఉండేదో, ఆ ఇంటికి ముందు ఎవరిదో తవ్వుకుంటూ వెనక్కి వెళుతుంది. దొరికిన ప్రతి విషాదం వెనుక మరో విషాదం దొరుకుతుంది. మైల తాకినచోట స్నానం, శుద్ధి ఉన్నాయనుకునే ఆలోచనకు ఇది పూర్తిగా భిన్నం, ఎందుకంటే ఇక్కడ విన్నవారికి కూడా అంటుతుంది, చదివినవారు దానికి మినహాయింపు కాదన్న భావన మెల్లగా కలుగుతుంది. అరుపులు, రక్తం దాదాపు లేని పుస్తకం ఇది. భయానక నవలలు విరివిగా చదివి రాటుదేలినవారిని కూడా రాత్రిపూట చిన్న చప్పుళ్లకు ఉలిక్కిపడేలా చేయగల పుస్తకం.

పాఠకుడి విధేయతను పరీక్షించడంలో మాత్రం ఒనో ఫుయుమి 1998 నాటి బృహన్నవల ‘షికి’కి సాటివచ్చేది లేదు. జపాన్‌లో శవదహనమే సర్వసాధారణమైనా, కొండల మధ్య ఉన్న సోతొబా అనే ఈ గ్రామంలో ఇప్పటికీ ఖననం చేస్తారు. ఒక వేసవిలో వరసగా చావులు మొదలవుతాయి. పాతిపెట్టినవారిలో కొందరు లేచివచ్చి, బతికి ఉన్నవారి రక్తం తాగుతున్నారని వైద్యుడు ఒజకి తోషియో గ్రహిస్తాడు. సగం పుస్తకం వరకు పాఠకుడు అతనివైపే. ఆ తరువాత అతను, చనిపోయి లేచిన తన భార్యనే బల్లకు కట్టి, ఆమె జాతిని ఏది చంపుతుందో తెలుసుకోవడానికి ఒక్కొక్క ప్రయోగమే చేస్తాడు. ఫలితం దక్కుతుంది, ఊరు కాపాడబడే మార్గం తెలుస్తుంది. అతని వైపు నిలబడి ఉన్న పాఠకుడు మాత్రం ఇక మునుపటిలా నిలబడలేడు.

అక్కడినుంచి వేట తిరగబడుతుంది. రైతులు, దుకాణదారులు, గృహిణులు నిన్నటి ఇరుగుపొరుగు గుండెల్లో మేకులు దిగగొట్టి, శవాలను గుట్టలుగా పేర్చి, పక్కనే కూర్చుని అన్నం తింటారు. లేచివచ్చినవారిలో రిత్సుకో అనే నర్సు ఉంది. ఆకలితో అల్లాడుతున్నా, ఎదురుగా ఆహారం పెట్టినా, మనిషి రక్తం తాగనని భీష్మించి కూర్చుంటుంది. గ్రామస్థులు ఆమెను కూడా మిగిలినవారితో పాటే చంపుతారు, ఎందుకంటే వారికి ఆ తేడా తెలియదు, తెలుసుకునే తీరిక లేదు. ఈ ఘట్టం దగ్గర పుస్తకం పక్కన పెట్టేసేవారు ఉంటారు, అది అర్థం చేసుకోదగినదే. రచయిత్రి ఎవరినీ నిర్దోషిగా విడిచిపెట్టలేదు. తినకపోతే చావవలసిన ప్రాణి తినడం నేరమా అన్న ప్రశ్న ఎంత బలంగా వేశారో, తన బిడ్డను తిన్నవాణ్ణి చంపడం నేరమా అన్న ప్రశ్న కూడా అంతే బలంగా వేశారు. గ్రామ పూజారి, నవలా రచయిత అయిన మురొయి సెయ్‌షిన్ లేచివచ్చినవారి పక్షం చేరతాడు. అతని నిర్ణయాన్ని ద్రోహమనేవారికీ, దయ అనేవారికీ ఇద్దరికీ నవలలో కావలసినంత ఆధారం ఉంది.

తెలుగు ప్రేక్షకులకు ఈ ధోరణి సులభమైన రూపంలో ‘డీమన్ స్లేయర్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక) ద్వారా పరిచయమైంది; 2025లో వచ్చిన దాని సినిమా తెలుగు అనువాదంతోనూ విడుదలైంది. అందులో అకజా అనే రాక్షసుడు ఓడిపోయే వేళ, అతను మనిషిగా ఉన్ననాటి కథ తెర మీదకు వస్తుంది: జబ్బు తండ్రి కోసం దొంగతనాలు చేసిన బాల్యం, పెళ్లాడబోయిన అమ్మాయిని విషం పెట్టి చంపిన పొరుగువారు. అంతసేపు అతన్ని ద్వేషించినవారు అతని కోసం కంటతడి పెట్టడం సహజం, ఆ కథనం నిజాయితీ గలదే. అయితే అక్కడ జాలి, ప్రమాదం తీరిపోయిన తరువాత వస్తుంది. రాక్షసుడు ఓడిపోయాడు కాబట్టి జాలిపడడానికి ప్రేక్షకుడికి ఖర్చు ఏమీ లేదు. ‘షికి’లోనూ, ‘మషో నో కో’లోనూ ప్రమాదం ఇంకా తలుపు దగ్గరే ఉండగా జాలిపడమంటారు. రెండింటిలో రెండోది గొప్ప సాహిత్యమని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఒక అభ్యంతరం మిగులుతుంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. ఓఇవానుంచి సదకో దాకా ఈ దయ్యాలలో అత్యధికులు స్త్రీలు, వారిమీద జరిగిన హింసే కథకు ఇంధనం. వారి బాధను చూపి జాలి పుట్టించిన రచనే, అదే బాధవల్ల మారిపోయిన వారి ముఖాన్ని చూపి భయపెడుతుంది. సదకో విషయంలో ఈ విమర్శకు బలం ఉంది. రెండో నవలనుంచి రచయిత ఆమెను వైరస్, జన్యువుల వంటి శాస్త్రీయ వివరణల వైపు తీసుకుపోవడంతో, బావిలో పడిన ఆ అమ్మాయి వెనక్కి తగ్గి, ఆమె శక్తి మాత్రమే ముందుకు వచ్చింది. ఓఇవా విషయంలో అలా జరగలేదు, నాన్బోకు ఆమె దువ్వెనకు ఇచ్చిన సమయం ఆమెను రెండు వందల ఏళ్లుగా మనిషిగానే నిలిపింది.

మళ్లీ తైకి దగ్గరకు వస్తే, ఏ పుస్తకం ముందు చదవాలన్న చర్చ అభిమానులలో ఎడతెగకుండా సాగుతూ ఉంటుంది, అది చిన్న విషయం కాదు. పన్నెండు రాజ్యాల కథను 2002, 2003లలో ప్రసారమైన 45 భాగాల అనిమే ద్వారానో, 2007 నుంచి 2010 వరకు ఇంగ్లీషులో వచ్చిన తొలి నాలుగు నవలల ద్వారానో తెలుసుకున్నవారు తైకిని ముద్దుగారే చిన్నపిల్లవాడిగా ముందే కలుసుకుంటారు. వారికి ‘మషో నో కో’ మొదటి పేజీనుంచే శోకం. తెల్లని చెయ్యి కనిపించగానే సాన్షీ అని గుర్తుపట్టి, ఆమెను ఆపేవారు ఎవరూ లేరే అని బాధపడతారు. జపాన్‌లో 1991లో చదివినవారికి అటువంటి ఆధారం ఏదీ లేదు, వారికి అది శుద్ధమైన భయం. 2012 పునర్ముద్రణలో ప్రచురణకర్తలు ఆ నవలను శ్రేణిలో సున్నా సంఖ్య పుస్తకంగా, అంటే అన్నింటికంటే ముందు చదవవలసినదిగా చేర్చారు. ఆ వరసే సరైనది. హిరోసెలాగా ఏమీ తెలియకుండా ఆ కుర్రవాణ్ణి చూసి ఒకసారి జంకినవారికే, తరువాత సాన్షీ పదేళ్ల నిరీక్షణ చదివేటప్పుడు తాము ఎవరిని చూసి జంకారో తెలిసివస్తుంది. 2001లో సగంలో ఆగిన తై రాజ్యం కథ 2019లో నాలుగు సంపుటాలుగా పూర్తయ్యేదాకా వారు పద్దెనిమిదేళ్లు ఎదురుచూశారు, అంత ఎదురుచూపు తరువాత కూడా ఆ సంపుటాలలో తైకి చేతులకు రక్తం అంటకుండా రచయిత్రి అతన్ని ఇంటికి చేర్చలేదు.